గుడ్డికన్ను వైపు

మా మనవరాలికి డాక్టరు గుర్రాన్ని దువ్వమని చెప్పాడు. తమాషాకి అనడం లేదు. పదో తరగతి పిల్ల. పరీక్ష అనగానే అరచేతులు చల్లబడతాయి, గుండె దడదడలాడుతుంది, కంటి మీద కునుకుండదు. మందుల జోలికి పోకముందు ఇది చేసి చూడండి అన్నాడట. అందుకని శనివారం శనివారం గచ్చిబౌలి దాటి, అద్దాల మేడల వెనక ఇంకా ఎవరూ కట్టని ఖాళీ జాగాలో నడుస్తున్న ఒక గుర్రాల బడికి తీసుకుపోతున్నాం. గంటసేపు దువ్వాలి, గిట్టలు గీకి శుభ్రం చేయాలి, దాణా పెట్టాలి. స్వారీ తర్వాతి సంగతి. దీనివల్ల భుజాలకు బలం వస్తుందట, ఊపిరి నిదానిస్తుందట, నిద్ర పడుతుందట, మనసు ఒక్కచోట నిలుస్తుందట. మా అబ్బాయి కారు నడుపుతూ ఇవన్నీ ఏకరువు పెడుతుంటే నేను వెనక సీట్లో కూర్చుని నవ్వుకున్నాను. మా తాత ఈ వైద్యం ఏ చదువూ లేకుండానే చేశాడు. అదీ ఒక బడిపంతులికి.

కానీ మొన్న శనివారం నవ్వు రాలేదు. పిల్ల దువ్వెన పట్టుకుని దగ్గరికి పోతుంటే అక్కడ నేర్పించే ఆయన, "భయం లేనట్టు నటించకమ్మా, దానికి తెలిసిపోతుంది" అన్నాడు. సరిగ్గా అప్పుడే గాలి నా వైపు తిరిగింది. చెమట పట్టిన గుర్రం వాసన, నానిన ఉలవల వాసన, తోలుకు పట్టించిన నూనె వాసన, లద్ది వాసన, అన్నీ కలిసి ఒక్కసారి వచ్చాయి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నాకు అరచేతులు చల్లబడ్డాయి. ఈ పిల్లకు ఈ జబ్బు ఎవరి నుంచి వచ్చిందో ఇంట్లో అందరూ తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. నాకు తెలుసు, నేనే నోరు విప్పలేదు.

అప్పుడు నాకు పదకొండేళ్లు. ఇప్పుడు ఫ్లైఓవర్ దిగి ఆఫీసు బస్సులు మలుపు తిరిగే చోట మా ఊరు ఉండేది. ఊరంటే నాలుగు వాడలు, చుట్టూ గుండ్రాళ్ల గుట్టలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, ఆ దిగువన జొన్న చేలు. బస్సు కావాలంటే కూకట్‌పల్లి పోయి బొంబాయి రోడ్డు ఎక్కాలి, రైలు కావాలంటే లింగంపల్లి పోవాలి. రెండింటికీ మా తాత గుర్రపు టాంగాయే దిక్కు. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడే నాయిన పోయాడు. ఇంట్లో తాత, అమ్మ, నేను. అన్న పట్నంలో హాస్టల్లో ఉండి కాలేజీ చదువుకునేవాడు.

తాత వయసులో ఉండగా ఒక నవాబు గారి దగ్గర సాయీసుగా చేశాడు. గుర్రాల ఆలనాపాలనా అంతా సాయీసుదే. ఆ నవాబు గారి తబేలా, అంటే గుర్రాల సాల, ఎత్తేసిన రోజు, ఎవరికీ అక్కరలేని ఒక ఆడ గుర్రప్పిల్లను తాత వెంట తోలుకొచ్చుకున్నాడు. అదే పెద్దదై మా టాంగా లాగేది. చింతగింజ రంగు. ఎడమకన్ను మీద తెల్లటి పొర, ఆ వైపు చూపు లేదు. పేరంటూ పెట్టలేదు, 'బేటీ' అని పిలిచేవాడు. మా అమ్మ మాత్రం ఉలవలు నానబోసినప్పుడల్లా, "గుర్రం గుడ్డిదైనా దాణాల తక్కువ లేదు" అని మూతి తిప్పేది. ఆ సామెత మా గుర్రాన్ని చూసే పుట్టిందని నేను చాలా ఏళ్లు నమ్మాను.

మా వాకిట్లో ఉన్న తబేలాలో తాతవి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. గుర్రం మూతి దాణాలో పెట్టకముందు ఇంట్లో ఎవరూ కంచంలో చెయ్యి పెట్టకూడదు. కోపంగా లోపలికి రాకూడదు, భయంగా రాకూడదు. "ఫికరంత చెప్పులకాడ ఇడిసి రావాలె బిడ్డా. ఇది మన గుండె సప్పుడు ఇంటది" అనేవాడు. అన్నిటికంటే పెద్దది గుడ్డికన్ను కట్టుబాటు. ఆ వైపు నుంచి పోతే మాట్లాడుతూ పోవాలి. మాట్లాడకపోతే దాని ఒంటి మీద వేసిన చెయ్యి తీయకూడదు. మాటా లేక చెయ్యీ లేక పోతే ఉలిక్కిపడి తన్నుతుంది. తాత మోకాలి కింద అరచేతి పొడుగు మచ్చ ఉండేది, ఒకనాడు తన కట్టుబాటు తనే మరిచిపోయినందుకు.

మేం పిల్లలం ఆ తబేలా చుట్టూ తిరిగింది మాత్రం ఉడకబెట్టిన ఉలవల కోసం. బెల్లం కలిపిన ఆ గుగ్గిళ్లు గుర్రానికి చేరేలోపు మూడో వంతు మా లంగా మడతల్లోకి చేరేవి. తాతకు తెలుసు. "ఇయ్యాల బేటీ కడుపు నిండలేదు, గుట్ట మీద కోతులు ఎక్కువైనయి" అని గుట్ట వైపు చూస్తూ అనేవాడు.

మా ఇంట్లో రోడ్డు వైపు గది మా బడి సారుకు కిరాయికి ఇచ్చాం. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినాయన. తెల్ల పంచె, మడత నలగని చొక్కా. ఆయన భార్య నాకు జడ వేసేది, గోంగూర పచ్చడి చేసిన రోజు గిన్నెలో పెట్టి పంపేది. సారు లెక్కలు ఎంత బాగా చెప్పేవాడంటే ఇప్పటికీ నాకు భిన్నాలంటే భయం లేదు. కానీ మా మాట ఆయన చెవికి సయించేది కాదు.

ఒకరోజు ఒళ్లు కాలిపోతుంటే నేను లేచి, "సారూ, నాకు జరమొచ్చింది, ఇంటికి పోత" అన్నాను. ఆయన ముక్కు చిట్లించి, నా గొంతు పెట్టి, "జరమొచ్చింది, పోతా" అని సాగదీశాడు. "జ్వరం వచ్చిందండీ, వెళతానండీ అనాలమ్మా. ఆ మాత్రం నోరు తిరగదూ?" అన్నాడు. తరగతి అంతా గొల్లుమంది. నవ్విన వాళ్లంతా ఇంట్లో జరమనే అనేవాళ్లే. అందుకే నాకు ఇంకా మండింది. ఇంటికొచ్చి గొంగడి కప్పుకుని, జ్వరానికి కాదు, సిగ్గుకే ఏడ్చాను.

ఆ వారమే అన్న వచ్చాడు. పట్నం కాలేజీల్లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం అప్పుడప్పుడే రాజుకుంటోంది. మన కొలువులు, మన నీళ్లు, మన మాట అంటూ అన్న కొత్త సంగతులు మోసుకొచ్చాడు. అవి వింటుంటే నా జ్వరం కథ కూడా వాటిలోదేనని తోచింది. అంతా చెప్పాను. చెబుతున్నకొద్దీ అన్న మొహం ఎర్రబడింది. చిన్నప్పటి నుంచీ నన్ను పట్టించుకోని అన్న, నా మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదలు. నాకు ఇంకా చెప్పాలనిపించింది.

"కొట్టిండు గూడ" అన్నాను.

సారు నన్ను కొట్టలేదు. చెయ్యెత్తను కూడా లేదు. ఆ ఒక్క మాట నేను కలిపాను. అన్న పళ్లు బిగించి, "సరే తియ్, చూస్తం ఆయన సంగతి" అని అంబలి తాగకుండానే లేచి పోయాడు.

తర్వాత బడి మూతపడింది. వారం అన్నారు, నెల అన్నారు, చివరికి ఆ ఏడు చదువే లేదన్నారు. పట్నంలో లాఠీలు, కాల్పులు అని కిరాణా దుకాణం రేడియో దగ్గర పెద్దవాళ్లు గుంపుగా నిలబడి వినేవాళ్లు. బొంబాయి రోడ్డు మీద బస్సుల అద్దాలు పగిలాయని, ఫలానా చోట ఆంధ్ర ఉద్యోగి ఇంటి మీద రాళ్లు పడ్డాయని తాత టాంగాలో వచ్చే ప్రతి మనిషీ ఒక వార్త దించిపోయేవాడు. అన్న రావడం మానేశాడు. అమ్మ పచ్చిపులుసు చేసి, అందులో ఉప్పు వేశానో లేదో మరిచిపోయి మళ్లీ వేసేది. మేం ఏమీ అనకుండా తినేవాళ్లం.

నాకు రెండు భయాలు. అన్నకేమవుతుందోనని ఒకటి. అది అమ్మతో కలిసి పడే భయం, పైకి చెప్పుకోవచ్చు, ఏడ్చినా ఎవరూ తప్పుపట్టరు. రెండోది అన్న వల్ల సారుకేమవుతుందోనని. అది ఎవరికి చెప్పుకోను? తేలు కుట్టిన దొంగలా తిరిగాను. రోడ్డు మీద సైకిలు గంట వినపడితే తలుపు చాటుకు పోయేదాన్ని.

సారు భార్యను అంతకుముందే పురుటికి పుట్టింటికి పంపాడు. నేడో రేపో బడి తెరుస్తారని తను ఉండిపోయాడు. ఉండిపోయాక కదలడానికి దారి లేకుండా పోయింది. పట్నం మీదుగా పోవాలంటే భయం, ఇక్కడ ఉండాలంటే భయం. గది తలుపు వేసుకున్నాడు. మొదట కిటికీ మూశాడు, తర్వాత పొయ్యి వెలిగించడం మానేశాడు. అమ్మ జొన్నరొట్టె, చింతచిగురు పప్పు గడపలో పెట్టి వస్తే అలాగే ఉండేది. నాలుగో రోజు తాత తలుపు తోసి చూస్తే, మంచం మీద గుండె పట్టుకుని కూర్చుని ఉన్నాడట. "తాతగారూ, నేను చచ్చిపోతానండీ, ఊపిరి ఆడట్లేదండీ" అన్నాడు. తాత కూకట్‌పల్లి పోయి డాక్టరును టాంగాలో ఎక్కించుకొచ్చాడు. ఆయన గొట్టం పెట్టి చూసి, గుండెకేం రోగం లేదు, ఉత్త దిగులే అన్నాడు.

ఆ సాయంత్రం తాత అన్నాడు. "సారూ, రేపు పొద్దుగాల్ల జర తబేలాకు రా. నాకు నడుం పట్టేసింది. గుర్రాన్ని దువ్వెటోడు లేడు."

తాత నడుం నిక్షేపంగా ఉంది. ఆ పొద్దున్నే రెండు కడవల నీళ్లు మోశాడు. నవాబు గారి తబేలాలో అలా ఒకరిని బాగుచేసిన సంగతి తాత తర్వాత మాకు చెప్పాడు. నవాబు గారి తమ్ముడు, తన బిడ్డ పోయిన దుఃఖంలో తిండి మానేస్తే, హకీములు చేతులెత్తేశాక, ముసలి సాయీసు ఒకాయన ఆయన చేతికి దువ్వెన ఇచ్చాడట. నెల తిరిగేసరికి మనిషి మనిషైనాడట. "ఇంత పెద్ద జీవి మనల నమ్మి నిలవడ్డదంటె, మనకు మన మీద జర నమ్మకమొస్తది. గంతే, ఇందుల మంత్రం లేదు" అన్నాడు.

మర్నాడు సారు తబేలా గడప దగ్గర ఆగిపోయాడు.

"కరుస్తుందాండీ?"

"గడ్డి తింటది సారూ, పంతుళ్లను తినదు. చెప్పులు ఇడిసి రా."

తాత ఇనుప పళ్ల దువ్వెన ఆయన చేతికిచ్చి, తన చెయ్యి పైన వేసి నేర్పాడు. గుండ్రంగా తిప్పుతూ మట్టి లేపాలి. తర్వాత గడ్డి చుట్టతో తుడవాలి. చివర అరచేత్తో మెడ నుంచి తొడ దాకా రుద్దాలి. "దువ్వెన దింపినప్పుడు ఊపిరి ఇడువు, ఎత్తినప్పుడు తీస్కో." సారు చెయ్యి వణికితే బేటీ చర్మం కూడా ఆ చోటే వణికేది. ఆయన ఊపిరి బిగబడితే అది చెవులు వెనక్కి వాల్చేది. "చూసినవా, నీ దిగులు దానికి అంటిస్తున్నవు. పాపం, అది ఏం జేసింది?" అని తాత కసిరేవాడు. తన కోసం ఊపిరి నిదానించుకోలేని మనిషి, గుర్రం కోసం నిదానించుకున్నాడు.

ఆ రోజే ఆయన నాలుగు రోజుల తర్వాత ఏదో తినడం చూశాను. దాణా తొట్టిలోంచి గుప్పెడు ఉలవ గుగ్గిళ్లు తీసి, ఎవరూ చూడటం లేదనుకుని, గబగబా నోట్లో వేసుకున్నాడు. కోతుల జాబితాలో సారు పేరు కూడా చేరింది.

అన్నిటికంటే తమాషా ఏమిటంటే, ఆయన గుర్రాన్ని కూడా 'అండీ' అనేవాడు. "కొంచెం జరగండి. ఆ కాలు ఇటివ్వండి. అయిపోయిందండీ, ఒక్క నిమిషం." గుడ్డికన్ను వైపు నుంచి పోయినప్పుడు మాట్లాడుతూ ఉండాలి కదా, "వస్తున్నానండీ, నేనేనండీ" అంటూ పోయేవాడు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. నెలల తర్వాత అమ్మ నవ్వడం అదే మొదలు. "నన్ను మా పుట్టింటోళ్లు గూడ గింత ఇజ్జత్‌తోని పిలువలే" అంది.

బడి లేదు కాబట్టి నన్ను కూడా తాత రెండో దువ్వెన ఇచ్చి నిలబెట్టాడు. కుడివైపు నేను, గుడ్డికన్ను వైపు సారు, మధ్యలో బేటీ. పొద్దునొక గంట, సాయంత్రమొక గంట. గుర్రం ఎత్తు కాబట్టి ఆయన మొహం నాకు కనపడదు, నా మొహం ఆయనకు కనపడదు. వేడి ఒంటి మీద అరచెయ్యి ఆనించి ఉన్నంతసేపు నేను చేసింది మరిచిపోయేదాన్ని. దువ్వెన కింద పెట్టి, వంగి బయటికి వచ్చే ఆయన్ను చూడగానే మళ్లీ గుర్తొచ్చేది.

నెల గడిచేసరికి సారు మారిపోయాడు. గడ్డం పెరిగింది, తాత పాత లుంగీ కట్టేవాడు, తలకు తువ్వాలు చుట్టేవాడు. మోచేతుల కింద కండ తేలింది. పడుకుంటే గురక గది దాటి వినిపించేది. నెలరోజులుగా రాయలేని ఉత్తరం భార్యకు రాశాడు. తాతను ఒక్కో వస్తువు పేరు అడిగి తెలుసుకునేవాడు, మేం ఏమంటామో అదే అనేవాడు. ఒకరోజు బేటీ దాణా ముట్టకపోతే దాని చెవుల వెనక చెయ్యి పెట్టి చూసి, "తాతగారూ, దీనికి జరమొచ్చినట్టుందండీ" అన్నాడు. అనేశాక ఆగిపోయాడు. గుర్రం మెడ కింద నుంచి నా వైపు చూశాడు. నేను తల దించుకుని గడ్డి చుట్ట వెతికాను, అది నా చేతిలోనే ఉంది.

తర్వాత అన్నను జైల్లో పెట్టారని కబురు వచ్చింది. దెబ్బలు తగల్లేదన్నారు, ప్రాణానికి ఫికర్ లేదన్నారు. అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని కూలబడింది. సారు గదిలోంచి బయటికి వచ్చి, "అమ్మగారూ, జైల్లో ఉంటే తుపాకుల ముందు లేనట్టేనండీ, ధైర్యంగా ఉండండి" అన్నాడు. ఎవరి కోసం ఎవరు ధైర్యం చెబుతున్నారో నాకొక్కదానికే తెలుసు. నేను వెనక గుట్ట మీదికి పరిగెత్తి సీతాఫలం చెట్టు కింద కూర్చున్నాను. దేవుడికి మొక్కుకుందామంటే ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. అన్న త్వరగా రావాలి. అన్న వస్తే సారును ఏం చేస్తాడో.

అన్న రాకముందే వాళ్లు వచ్చారు. మధ్యాహ్నం, ఎండ చిటపటలాడుతోంది. అయిదారు సైకిళ్లు రోడ్డు దిగి మా వాకిట్లో ఆగాయి. అందరూ కాలేజీ వాళ్లే, అన్న ఈడు వాళ్లే. ఒకరి మోచేతికి కట్టు ఉంది. తాత వాకిట్లో చక్రానికి నూనె పెడుతున్నాడు. నేను బేటీకి కుడివైపు, సారు అవతల, గోడకూ గుర్రానికీ మధ్య.

"తాతా, మీ ఇంట్ల ఆంధ్ర సారు కిరాయికుంటడట గదా. ఏడి?"

"పోయిండు. వాళ్లూరికి పోయి నెలాయె" అన్నాడు తాత, తల ఎత్తకుండా.

గది తెరిచి చూశారు. మంచం, ట్రంకు పెట్టె. బయటికి వచ్చి, వాళ్లలో పెద్దవాడిలా ఉన్నతను తబేలా ముందుకొచ్చి నా ఎదుట గొంతుక్కూర్చున్నాడు. గొంతు మెత్తగా ఉంది. "నువ్వేనా చెల్లె, మా దోస్తు చెల్లెవు? మీ అన్న లోపలికి పోయేటప్పుడు గూడ చెప్పిండు, నా చెల్లె సంగతి మర్వకుండ్రి అని. ఆ సారు నిన్ను కొట్టిండట గదా? దేంతోని కొట్టిండు? చెప్పు బిడ్డా."

గుర్రం అవతల దువ్వెన చప్పుడు ఆగిపోయింది.

లేదు అనాలి. ఒక్క మాట. అంటే అన్న అబద్ధాలకోరు అవుతాడు, లేకపోతే నేనవుతాను. అవును అనలేను, అవతల ఆయన వింటున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆ ఏడుపును వాళ్లు మరోలా అర్థం చేసుకున్నారు.

"చూసిండ్రా? ఇన్ని దినాలకు గూడ పిల్ల ఎట్ల ఏడుస్తున్నదో!" అన్నాడు మోచేతికి కట్టున్నతను. అందరి మొహాలూ మారిపోయాయి. నేను ఏడుపు ఆపుకుందామని చూస్తే ఇంకా ఎక్కువైంది.

"గా ఎనక ఎవరు?"

"నా మనిషి. సాయీసు. మూగోడు" అన్నాడు తాత.

కట్టున్నతను తబేలాలోకి వచ్చి చేతిలో కర్రతో గుంజ మీద గట్టిగా కొట్టాడు. "ఏయ్, ఇటు తిరుగు!" బేటీ చెవులు వెనక్కి వాలాయి, ఒళ్లంతా జలదరించింది, వెనక కాలు ఎత్తింది. అవతల సారు ఉన్నది గుడ్డికన్ను వైపు. మాట్లాడితే ప్రాణం మీదికి వస్తుంది, మాట్లాడకపోతే అది తంతుంది. ఉన్నది చెయ్యి ఒక్కటే. దాని వీపు మీద ఆయన వేళ్లు నాకు కనిపించాయి. తెల్లగా బిగుసుకుపోయి ఉన్నాయి. దాని పొట్ట కింద నుంచి ఆయన పాదాలు కనిపించాయి, బొటనవేళ్లు నేలను తవ్వుతున్నాయి. నేను కళ్లు మూసుకున్నాను.

ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. నిదానంగా, పొడుగ్గా. మళ్లీ తీసుకున్నాడు, మళ్లీ వదిలాడు. కళ్లు తెరిస్తే ఆ వేళ్లు వదులయ్యాయి, అరచెయ్యి చిన్నగా గుండ్రంగా తిరుగుతోంది. బేటీ ఎత్తిన కాలు దించింది. చెవులు మెల్లగా లేచాయి. అప్పుడు ఆయన మొహం తిప్పి ఆ కుర్రాళ్ల వైపు చూశాడు, ఏమీ తెలియనట్టు. చెయ్యి తీయకుండానే వంగి దాని ముంగాలి మీద తట్టాడు. అది కాలు ఇచ్చింది. గిట్టను ఒళ్లో పెట్టుకుని మట్టి గీకడం మొదలుపెట్టాడు.

కర్ర పట్టుకున్నతను కాసేపు చూశాడు. "సాయీసే తియ్" అన్నాడు.

పోతూ పోతూ అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగారు. కట్టున్నతనికి చెంబు ఎత్తడం రాకపోతే అమ్మే పట్టి తాగించింది. "మా వాడు జైల్ల తింటుండో లేదో బిడ్డా" అని అడిగితే, "తింటుండమ్మా, మీరు రంది వెట్టుకోకుండ్రి" అని చెప్పి, జై తెలంగాణ అనుకుంటూ సైకిళ్లు ఎక్కారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఒక చెల్లెలికి జరిగిన అన్యాయానికి ఎండలో అంత దూరం తొక్కుకుంటూ వచ్చారు. ఆ అన్యాయం కల్పించింది నేను.

సారు గిట్ట దించి, లద్దిలోనే కూలబడ్డాడు. బేటీ మెడ వంచి ఆయన తలపాగా వాసన చూసింది. ఆయన నా వైపు చూడలేదు.

ఇక ఉంచడం మంచిది కాదని తాత నిర్ణయించాడు. పట్నం ముట్టకుండా, లింగంపల్లిలో ఎక్కించి, వాడీ, గుంతకల్లు చుట్టి బెజవాడ పోయేలా దారి చెప్పాడు. రెండు రోజుల ప్రయాణం. సారు సరేనన్నాడు. రేపు తెల్లవారితే బయల్దేరాలి అనగా ఆ సాయంత్రం కూడా తబేలాకు వచ్చాడు. నేనూ వెళ్లాను. వెళ్లకపోతే బాగుండేది, కానీ వెళ్లకుండా ఉండలేకపోయాను. కుడివైపు నేను, గుడ్డికన్ను వైపు ఆయన. చాలాసేపు రెండు దువ్వెనల చప్పుడే.

"సారూ" అన్నాను. "మా అన్నకు నేనే చెప్పిన. మీరు నన్ను ఎక్కిరించిండ్రని."

అవతల దువ్వెన ఆగింది.

"అది నిజమే కదమ్మా" అన్నాడు ఆయన. "వెక్కిరించాను కదా. తప్పు చేశాను. జ్వరంతో ఉన్న పిల్లవి. ఆ రోజు నుంచీ ఎన్నోసార్లు అనుకున్నాను."

ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. దువ్వెన కూడా మళ్లీ మొదలుపెట్టలేదు. వీపు మీద చెయ్యి అలాగే ఆనించి నిలబడ్డాడు. ఆయన ఎదురుచూస్తున్నాడని నాకు తెలుసు. రెండో మాట కోసం. ఆ మధ్యాహ్నం వాళ్లు నన్ను అడిగిన ప్రశ్న ఆయన కూడా విన్నాడు. అడగొచ్చు, అడగలేదు. నన్నే చెప్పనిచ్చాడు. బేటీ తోక రెండుసార్లు విదిలించింది. నేను దాని జూలులో మొహం దాచుకున్నాను. ఎంతసేపు ఆగాడో చెప్పలేను, పదకొండేళ్ల పిల్లకు అది చాలా పొడుగైన సేపు. చివరికి అవతల దువ్వెన చప్పుడు మెల్లగా మొదలైంది.

తెల్లవారి నేను లేచేసరికి టాంగా వెళ్లిపోయింది. చేరానని ఒక ఉత్తరం వచ్చింది, ఆడపిల్ల పుట్టిందని రాశాడు. నాకు ఆశీస్సులు అని చివర ఒక వాక్యం. మళ్లీ ఆయన రాలేదు. బడి తెరిచాక వేరే సారు వచ్చాడు. అన్న జైలు నుంచి వచ్చి, చదువు ముగించి, చిన్న ఉద్యోగం చేసి, కాలం చేశాడు. అన్నకు కూడా నేను చెప్పలేదు. ఎప్పుడైనా ఉద్యమం మాటలు వస్తే, మా చెల్లెను కొట్టిండు ఒకడు అని చివరి దాకా అంటూనే ఉన్నాడు. పక్కన కూర్చుని వింటూనే ఉన్నాను. మా మాటకు, మా బతుకుకు జరిగిన అవమానాలు ఎన్నో నిజం. అన్నీ నిజమైన చోట నా అబద్ధం ఒకటి ఎవరి కంటా పడకుండా కలిసిపోయింది. నాకొక్కదానికే కనపడుతుంది. ఆయన తన తప్పు ఒప్పుకున్నాడు. నా తప్పు నేను ఒప్పుకోవడానికి కావలసినంత సేపు ఇచ్చాడు. నేను వాడుకోలేదు. ఇప్పుడు ఆయన ఉన్నాడో లేడో తెలియదు, ఉన్నా తొంభై దాటి ఉంటాడు. అయినా రాస్తున్నాను. ఆ సారు నన్ను ఎన్నడూ కొట్టలేదు.